సైకిల్ దారిలో కారు పెడితే చట్టం ఏమంటుంది?

“అసలు సైకిల్ ట్రాకే లేదు, దాని మీద పార్కింగ్ రూలేంది సారూ?” నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఈ సంగతి ఎత్తితే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ తిరిగినా, పాలమూరు మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా పోయినా, రంగు పూసి నీలం బోర్డు పెట్టిన సైకిల్ దారి కోసం వెతుక్కోవాలి. సైకిళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. రెండు వైపులా పాలక్యాన్లు వేలాడదీసుకున్నవాళ్ళు, పొద్దున్నే పేపర్లు వేసే పిల్లలు, సర్కారు బడికి పోయే ఆడపిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లు, మేస్త్రీ పనికి పోయే కూలీలు. వీళ్ళందరూ వాడేది తారురోడ్డు అంచున తెల్లగీతకు అటూ ఇటూ ఉండే మూడు నాలుగు అడుగుల జాగా. దానికి పేరు లేదు, బోర్డు లేదు. కారు పెట్టేవాళ్ళకు కూడా సరిగ్గా ఆ జాగానే కావాలి.

ఈ గొడవలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. అక్కడ బండి ఆపడం తప్పా కాదా? తప్పయితే ఎవరు పట్టుకోవాలి, ఎంత వసూలు చేయాలి? మరి బండి ఎక్కడ పెట్టాలి? మొదటిదానికి చట్టం సూటిగానే జవాబు చెబుతుంది. రెండోది చిక్కుముడి. మూడోదాన్ని మన పట్టణాల్లో అడిగేవాళ్ళే తక్కువ. నన్నడిగితే తిరకాసంతా ఆ మూడోదాంట్లోనే ఉంది.

నిషేధం ఎక్కడ రాసి ఉంది

1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 122 చూడండి. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన ఇబ్బంది కలిగేలా, లేదా కలిగే అవకాశం ఉండేలా బండిని వదిలేసి పోకూడదు, నిలిపి ఉంచకూడదు అని దాని సారాంశం. ఇక్కడ ఇతరులంటే కార్లవాళ్ళు, బస్సులవాళ్ళు మాత్రమే అని ఎక్కడా లేదు. ఆ జాగాను వాడుకునే ఎవరైనా సరే. సైకిల్ తొక్కేవాళ్ళూ, నడిచేవాళ్ళూ అందులోకే వస్తారు. పైగా ప్రమాదం జరిగిపోయాకే ఈ సెక్షన్ వర్తిస్తుందని కాదు, జరిగే అవకాశం ఉంటే చాలు. అందుకే పేరు లేని మార్జిన్‌లో పెట్టిన కారుకు కూడా ఇది సరిపోతుంది. ట్రాక్ ఉందా లేదా అన్న వాదనకే తావు లేదు.

ట్రాక్ ఉన్నచోట మాట ఇంకా గట్టిది. ఇక్కడో చిన్న చరిత్ర ఉంది. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో పార్కింగ్ చేయకూడని చోట్ల జాబితా ఒకటి ఉండేది. ఫుట్‌పాత్, మూలమలుపు, బస్టాప్ దగ్గర, బడి గేటు, ఆసుపత్రి గేటు, ఆపిన బండి పక్కన రెండో వరుస, ఇలా చాలా ఉన్నాయి. సైకిల్ ట్రాక్ మాత్రం ఆ జాబితాలో లేదు. ట్రాక్ మీద బండి నడపకూడదని వేరే నిబంధన ఉండేది గానీ, ఆపకూడదని విడిగా రాయలేదు. 2017 జూన్‌లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి. ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్, పాదచారుల క్రాసింగ్ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి, వీటి మీద పార్కింగ్ కుదరదని అందులో రాశారు. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది ఆ రెండు పదాలు చేరడానికి.

మూడోది సెక్షన్ 201. రోడ్డు మీద రాకపోకలకు అడ్డంగా బండి ఉంచితే పడే జరిమానా ఇది. ఒకప్పుడు చెడిపోయిన బండికే వర్తించేది, గంటకు 50 రూపాయల చొప్పున. 2019 సవరణలో ‘చెడిపోయిన’ అన్న షరతు తీసేశారు, మొత్తాన్ని 500 చేశారు. బాగున్న బండి కూడా అడ్డంగా ఉంటే ఇప్పుడు ఇందులోకే వస్తుంది.

ఇవి కాక మామూలు శిక్షాస్మృతి ఉండనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 285 ప్రజల దారిలో ప్రమాదం గానీ అడ్డంకి గానీ కలిగించడం గురించి. జరిమానా 5,000 రూపాయల దాకా. పాత ఐపీసీలో ఇదే నేరానికి సెక్షన్ 283 కింద 200 రూపాయలకు మించేది కాదు. ఈ సెక్షన్‌కు మోటారు బండే కావాలని లేదు. ఇసుక కుప్ప పోసినా, ఫ్లెక్సీ కర్రలు పాతినా సరిపోతుంది.

ఇన్ని ఉన్నాయి కాబట్టి, చట్టం లేక ఇలా అవుతోందన్న మాట నిలవదు.

అడ్డం అంటే ఎంత అడ్డం

రెండు నిమిషాలు సైడుకు ఆపితే కొంప మునిగిందా అని చాలామందికి నిజంగానే అనిపిస్తుంది. ఒక్కసారి దగ్గరి నుంచి చూద్దాం. పొద్దున ఎనిమిదిన్నర, టిఫిన్ సెంటర్ ముందు పార్సిల్ కోసం ఆగిన కారు. ఎడమ చక్రాలు మట్టిలో, కుడి చక్రాలు తెల్లగీత లోపల. మన కార్లలో డ్రైవర్ కూర్చునేది కుడివైపు, అంటే దిగేది రోడ్డు వైపుకే. వెనక నుంచి ఒక అమ్మాయి సైకిల్ మీద వస్తోంది, క్యారియర్ మీద బ్యాగు, హ్యాండిల్‌కు టిఫిన్ బాక్స్ సంచి. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు. కారు తలుపు తెరుచుకుంటే ఇంచుమించు మీటరు బయటికి వస్తుంది. అది తగలకుండా పోవాలంటే ఆమె రోడ్డు మధ్యకు రావాలి. అదే సమయానికి వెనక 40 వేగంతో వస్తున్న బస్సు సెకనుకు 11 మీటర్లు తింటూ వస్తుంది. ఆమె వెనక్కి తిరిగి చూడాలి, చెయ్యి చూపాలి, కుడికి జరగాలి, మళ్ళీ ఎడమకు రావాలి. ఇదంతా మూడు నాలుగు సెకన్లలో జరగాలి. ఎడమకు దిగుదామంటే తారుకూ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా, సైకిల్ టైరు ఆ అంచు మీద జారిపోతుంది.

కారులో ఉన్నాయనకు ఇదేమీ కనబడదు. ఆయన సైడు అద్దంలో చూసింది బస్సు కోసం.

ఇలాంటి చోట ప్రమాదం జరిగితే ‘నా బండి ఆగే ఉంది కదా, వచ్చి గుద్దింది వాళ్ళే’ అనడం మామూలు. ఆ వాదన కోర్టులో అంత తేలిగ్గా చెల్లదు. మహారాష్ట్రలో 1987లో ఒక పెట్రోల్ ట్యాంకర్, ఒక లారీ ఢీకొని ట్యాంకర్ రోడ్డు పక్కకు బోల్తా పడింది. తర్వాత కొన్ని గంటలకు కారిన పెట్రోల్ అంటుకుని, గుమిగూడిన జనంలో ప్రాణాలు పోయాయి. ట్యాంకర్ కదలకుండా పడి ఉంది కాబట్టి అది వాహన ‘వినియోగం’ వల్ల జరిగిన ప్రమాదం కాదని వాదించారు. సుప్రీంకోర్టు 1991లో ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆగి ఉన్న బండి కూడా వాడకంలో ఉన్నట్టే అని తేల్చింది. రోడ్డు మీద అడ్డంగా నిలిపిన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కేసులో దాని యజమాని, బీమా కంపెనీ ఇద్దరూ లెక్కలోకి రావచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత సెక్షన్ 106 ఎటూ ఉంది, ఐదేళ్ళ దాకా జైలు.

“ఇప్పుడే తీస్తున్న అన్నా”

పార్కింగ్ వేరు, ఆపడం వేరు అన్నది నిజమే. బోర్డులు కూడా రెండు రకాలు. నీలం గుండ్రానికి ఎర్ర అంచు, లోపల ఒకే అడ్డగీత ఉంటే నో పార్కింగ్. మనుషులను దింపి, సామాను దించి పోవచ్చు, బండి పెట్టి పోకూడదు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే నో స్టాపింగ్. అక్కడ క్షణం కూడా ఆపకూడదు. రెండో బోర్డు మన పట్టణాల్లో ఎంతమంది గుర్తుపడతారో అనుమానమే.

అయితే ఈ తేడాను అడ్డం పెట్టుకుని చెప్పే సాకులు కొన్ని ఉన్నాయి. “డబుల్ ఇండికేటర్ వేసిన కదా” అనేది వాటిలో మొదటిది. ఆ లైట్లు బండి ఆగి ఉందని వెనకవాళ్ళకు చెబుతాయి, ఆగడానికి హక్కు ఇవ్వవు. “డ్రైవర్ లోపలే ఉన్నడు” అనేది ఇంకోటి. డ్రైవర్ సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి లేకపోతే ఇంజిన్ ఆపి, బ్రేక్ వేసి ఉండాలని సెక్షన్ 126 చెబుతుంది. అది బండి దానంతటది దొర్లకుండా పెట్టిన రూలు. సెక్షన్ 122కు లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు, బండి అడ్డంగా నిలిచి ఉందా లేదా అన్నదే చూస్తుంది.

టోయింగ్ గురించి కూడా అపోహలున్నాయి. పది గంటలు గడిస్తే తప్ప బండి ఎత్తుకుపోవడానికి వీల్లేదని కొందరు గట్టిగా వాదిస్తారు. సెక్షన్ 127లో పది గంటల మాట ఉన్నది దిక్కులేకుండా వదిలేసిన బండ్ల గురించి. చట్ట ప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని తీయించడానికి, చక్రానికి తాళం వేయించడానికి ఆ గడువు అక్కర్లేదు. ట్రాఫిక్‌కు ప్రమాదకరంగా ఉంటే వెంటనే తీయించవచ్చు. కాకపోతే ఆ అనుమతి ఇచ్చేది ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. క్రేన్ నడిపే కాంట్రాక్టర్ తనంతట తాను ఎత్తుకుపోవడానికి లేదు. ఎత్తుకుపోయిన ఖర్చు మాత్రం యజమానే కట్టాలి, జరిమానాకు ఇది అదనం.

గీత ఎలా ఉంటే ట్రాక్ అవుతుంది?

నల్లగొండ, సూర్యాపేటల నుంచి అమెరికా, ఇంగ్లండ్ పోయిన పిల్లలు ఉన్న ఇళ్ళు తక్కువేం కాదు. అక్కడి రూల్స్ ఫోన్లో విని ఇక్కడా అలాగే అనుకునేవాళ్ళు ఉన్నారు. అక్కడ కూడా దేశానికో తీరు. ఇంగ్లండ్‌లో గీతను బట్టి ఉంటుంది. సైకిల్ లేన్‌కు తెగని తెల్లగీత ఉంటే అది అమల్లో ఉన్న వేళల్లో కారు నడపకూడదు, పెట్టకూడదు. గీత తెగి తెగి ఉంటే, తప్పనిసరి అయితే తప్ప వద్దు. జర్మనీలో ఇలాంటి తెగిన గీతల లేన్‌లో మూడు నిమిషాల దాకా ఆపుకోనిచ్చేవాళ్ళు, 2020లో దాన్ని కూడా తీసేశారు. న్యూయార్క్ నగరంలో సైకిల్ లేన్‌లో కారు పెడితే 115 డాలర్ల టికెట్.

మన దగ్గర ఇంత వివరం లేదు. 2017 రెగ్యులేషన్లు సైకిల్ ట్రాక్ అన్నాయి. తారు మీద రంగు గీత మాత్రమే గీసిన లేన్ ట్రాక్ కిందికి వస్తుందా? నేలకు ఎత్తు చేసి, అడ్డుకట్ట కట్టి, నీలం గుండ్రంలో తెల్ల సైకిల్ బొమ్మ ఉన్న బోర్డు పెట్టినదే ట్రాకా? బోర్డు ఉంటే వాదన ఉండదు. లేకపోతే పోలీసు, డ్రైవర్ ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడతారు. అలాంటప్పుడు మళ్ళీ సెక్షన్ 122నే పట్టుకోవాలి.

ట్రాక్ ఎప్పుడు కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో 1962లోనే రాసిపెట్టింది. రద్దీ గంటలో 400 సైకిళ్ళు, 100 నుంచి 200 దాకా మోటారు బండ్లు పోయే రోడ్డుకు విడిగా ట్రాక్ ఉండాలి. మోటారు బండ్లు గంటకు 200 దాటితే, సైకిళ్ళు 100 ఉన్నా చాలు. పట్టణం నడిబొడ్డున గంటకు 200 బండ్లు అనేది ఇవాళ మన దగ్గర లెక్కలోకే రాదు, ఒక్క సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడితే అంతకు మించి పోతాయి. ట్రాక్ కనీస వెడల్పు 2 మీటర్లు అని కూడా అందులో ఉంది. మామూలు కారు వెడల్పు 1.7 మీటర్ల చుట్టుపక్కల. అంటే అడ్డుకట్ట లేకుండా కట్టిన ట్రాక్ కొలతేసినట్టు కారు పట్టేంత ఉంటుంది! మీటరున్నర ఎడంలో గట్టి పోల్స్ పాతితే సైకిల్ దూరుతుంది, కారు దూరదు. రంగు డబ్బాల మీద పెట్టే ఖర్చు ముందు వాటి మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న మొదలైన 23 కిలోమీటర్ల ట్రాక్ ఇందుకు ఉదాహరణ. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు, రోడ్డు నుంచి వేరు చేసే అడ్డుకట్ట. అలాంటి దాంట్లో కారు పెట్టాలనే ఆలోచనే రాదు. అయితే అది సరదాకు, వ్యాయామానికి తొక్కేవాళ్ళది. పాలక్యాన్ల సైకిల్‌కు కావాల్సింది బజారులో.

500 ఎవరి లెక్క, చలానా ఎవరి లెక్క

ఇక చిక్కుముడి దగ్గరికి వద్దాం. పార్లమెంటు చేసిన 2019 సవరణ ప్రకారం వేరే శిక్ష రాయని తప్పులకు సెక్షన్ 177 కింద మొదటిసారి 500 దాకా, మళ్ళీ చేస్తే 1,500 దాకా. అంతకు ముందు ఇవి 100, 300. డ్రైవింగ్ రెగ్యులేషన్లు ఉల్లంఘిస్తే కొత్తగా చేర్చిన సెక్షన్ 177ఏ కింద 500కు తగ్గకుండా 1,000 దాకా. ఇవి 2019 సెప్టెంబరు 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చాయి.

అదే నెలలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో, పెంచిన జరిమానాలను తెలంగాణలో అమలు చేయబోమని చెప్పారు. కేంద్ర చట్టాన్ని రాష్ట్రం ఎలా పక్కన పెడుతుంది? దారి సెక్షన్ 200లో ఉంది. చిన్న నేరాలను కోర్టు దాకా పోకుండా రాజీ రుసుము కట్టించుకుని ముగించవచ్చు, ఆ రుసుము ఎంతో రాష్ట్రం నోటిఫై చేస్తుంది. రోడ్డు మీద మనకు పడే చలానా సాధారణంగా ఈ రుసుమే. కొత్త రుసుములు నోటిఫై చేయకపోతే పాతవే నడుస్తాయి. చట్టంలో ఉన్న మొత్తం కంటే తగ్గించడానికి రాష్ట్రాలకు వీల్లేదని కేంద్ర రవాణా శాఖ 2020 జనవరిలో రాష్ట్రాలకు రాసింది. అందువల్ల పేపర్లో చదివిన అంకె ఒకటి, చలానా మీద కనబడే అంకె ఇంకోటి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఫోటో తీసి పంపే ఈ-చలానా యజమాని పేరున వస్తుంది. ‘ఆ రోజు బండి మా బావమరిది తీసుకుపోయిండు’ అంటే, సెక్షన్ 133 కింద ఆ బావమరిది వివరాలు పోలీసులు అడిగినప్పుడు ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలన్నది కూడా రోడ్డును బట్టి మారుతుంది. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ వైపు పోయేది 565వ నంబరు జాతీయ రహదారి. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చేది 167. వీటి మార్జిన్‌లో శాశ్వతంగా పాతుకుపోయిన అడ్డంకులు తీయించడానికి 2002లో చేసిన జాతీయ రహదారుల నియంత్రణ చట్టం విడిగా ఉంది. మిగతావి కొన్ని ఆర్ అండ్ బీ రోడ్లు, కాలనీల్లోవి మున్సిపాలిటీవి. నిలబడి ఉన్న బండికి మాత్రం ఏ రోడ్డయినా పోలీసులే. బాధితుడు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిరగడం మొదలయ్యేది ఈ తేడా తెలియకే.

మరి ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు నేను అసలు అనుకుంటున్న ప్రశ్న. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117 ప్రకారం బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలపవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారం రాష్ట్రానికో, అది నియమించిన అధికారికో ఉంది. 2019లో దీనికి ఒక మాట చేర్చారు. అలా నిర్ణయించేటప్పుడు రోడ్డు వాడేవాళ్ళ భద్రతకు, రాకపోకలు సాఫీగా సాగడానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని. పెట్టకూడని చోట్ల జాబితా పక్కనే పెట్టాల్సిన చోట్ల జాబితా కూడా ఉండాలని చట్టం ముందే అనుకుందన్నమాట.

నల్లగొండ ప్రకాశం బజారుకు బట్టలు కొనడానికి కుటుంబంతో వచ్చిన ఒక రైతును ఊహించుకోండి. కారు ఎక్కడ పెట్టాలి? కాంప్లెక్స్ కింద సెల్లార్ ఉంటుంది, ప్లాన్‌లో అది పార్కింగ్. లోపలికి పోతే గోడౌనో, జిరాక్స్ సెంటరో, టైలర్ షాపో ఉంటుంది. నిర్మాణ అనుమతి తీసుకున్నప్పుడు చూపించిన పార్కింగ్ జాగా అద్దెకు పోయింది. ఆ పార్కింగ్ బరువంతా రోడ్డు అంచు మీద పడింది, అక్కడి నుంచి సైకిల్ తొక్కే మనిషి మీద. చలానా మాత్రం కారాయనకే, సెల్లార్ అద్దె తినే ఆసామికి కాదు. నేను కార్లవాళ్ళను వెనకేసుకు రావడం లేదు. రోజూ పదిమందికి చలానాలు రాసినా, రేపు పదకొండో కారు కూడా అక్కడికే వస్తుంది అంటున్నా.

వరి కోతల కాలంలో మిర్యాలగూడ వైపు పోతే ఇదే కథ వేరే రూపంలో కనబడుతుంది. రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల బారులు, రోడ్డు అంచు మొత్తం నిండిపోతుంది. ఊళ్ళ దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. రాత్రిపూట ఆ రాళ్ళు కనబడక బైకులు, సైకిళ్ళు పడిపోతుంటాయి. సెక్షన్ 285 కింద ఆరబోసిన రైతు కూడా నేరస్తుడే. కల్లం లేని రైతు వడ్లు ఎక్కడ ఆరబెట్టాలో చెప్పకుండా ఆ సెక్షన్ వాడితే ఏం న్యాయం?

తోపుడు బండ్ల సంగతి ఇంకా విడ్డూరం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా వాళ్ళను ఖాళీ చేయించకూడదు. తర్వాత తీయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కారుకు నోటీసు అక్కర్లేదు, నిషేధం ఉన్నచోట అప్పటికప్పుడు తీయించవచ్చు. రోడ్డు మీద జరిగేది దీనికి తలకిందులు. మంత్రిగారి కాన్వాయ్ వస్తోందంటే అరటిపండ్ల బండి పది నిమిషాల్లో మాయమవుతుంది, దాని పక్కనున్న కారు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. చట్టం ఎవరికి వ్యవధి ఇచ్చిందో, మనం ఎవరికి ఇస్తున్నామో చూసుకోవచ్చు.

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్‌తో పాటు నల్లగొండ కూడా ఉంది. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితా అది. అలాంటి ఊళ్ళో పొగ రాని బండి మీద పోయేవాళ్ళను రోడ్డు మధ్యకు నెట్టడం ఏం లెక్క?

ఈ-సైకిళ్ళు వచ్చాక ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించనివి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు వాహనాలు కావు. లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సైకిల్ దారిలో పోవచ్చు. స్కూటర్ లాంటి పెద్ద ఎలక్ట్రిక్ బండ్లు మాత్రం మోటారు వాహనాలే. వాటిని ట్రాక్ మీద పెట్టినా, నడిపినా కారుకు వర్తించినవే వర్తిస్తాయి.

అడగాల్సిన కాగితం

సైకిళ్ళు, నడిచేవాళ్ళ గురించి నిబంధనలు చేసే అధికారం సెక్షన్ 138(1ఏ) కింద, జాతీయ రహదారులు కాని రోడ్ల డిజైన్, నిర్వహణ ప్రమాణాల గురించి సెక్షన్ 210డి కింద రాష్ట్రాలకు ఉంది. 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కేసులో రాష్ట్రాలన్నీ ఆరు నెలల్లో ఈ నిబంధనలు చేయాలని ఆదేశించింది. సైకిల్ ట్రాక్ అంటే ఏమిటో, తెల్లగీత అవతలి మార్జిన్ అందులోకి వస్తుందో రాదో రాయడానికి సరైన చోటు అదే. డిజైన్ ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి ప్రాణాలు పోతే కాంట్రాక్టర్‌కు, సంబంధిత అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఏ కూడా చట్టంలో ఉంది. దాన్ని వాడడం అరుదు.

ఈలోగా పట్టణంలో ఎవరైనా చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి, జిల్లా ఎస్పీ కార్యాలయానికి ఒకటి దరఖాస్తు పెట్టడం. సెక్షన్ 117 కింద మన పట్టణంలో పార్కింగ్ స్థలాలుగా నోటిఫై చేసినవి ఏవి, నో పార్కింగ్‌గా ప్రకటించిన రోడ్లు ఏవి, ఆ ఉత్తర్వుల నకళ్ళు ఇవ్వండి అని. బజారులోని వాణిజ్య భవనాల ప్లాన్‌లలో సెల్లార్ పార్కింగ్ చూపినవి ఎన్ని, వాటిలో తనిఖీ చేసినవి ఎన్ని అని ఇంకో ప్రశ్న జోడించవచ్చు. ‘వివరాలు లేవు’ అని జవాబొస్తే అది కూడా పనికొచ్చే కాగితమే. దాన్ని జతచేసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇవ్వవచ్చు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షత వహించేది కూడా ఆయనే కాబట్టి, తర్వాతి సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చమని అదే అర్జీలో అడగండి.